నలభై నాలుగు అంగుళాల నడుము

బహ్రెయిన్ వెళ్లొచ్చి నెల దాటింది. కనబడినవాళ్లంతా "అక్కడ ఏం చూశారు టీచర్?" అని అడుగుతున్నారు. బంగారం దుకాణాలు చూశాను, పల్చటి ఆకుపచ్చ సముద్రం చూశాను, ఎడారిలో కొత్తగా కట్టిన కారు పందేల మైదానాన్ని బయటినుంచి చూశాను అని చెబుతూ వచ్చాను. అవన్నీ నిజమే. అయితే నేను నిజంగా చూసి వచ్చింది ఒక ప్యాంటు. చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నిడదవోలులో ఆడపిల్లలకు ఇరవై తొమ్మిదేళ్లు కుట్టు నేర్పాను. నా కన్నే టేపు. మనిషి వీధి మలుపు తిరిగేలోగా నడుమెంతో, భుజమెంతో చెప్పేస్తాను. ఒంటికి సరిపోని గుడ్డ కనిపిస్తే నాకు చేతులు ఊరుకోవు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ ప్రయాణంలో నా కొంప ముంచింది ఆ చేతులే.

మా తమ్ముడు సుధాకర్ మనామాలో ఒక టైలరు షాపులో కటింగ్ మాస్టరు. షాపు ఒక అరబ్బు పెద్దాయనది, నడిపేది మావాడు. నేను రిటైరయిన ఏడాది "మూడు వారాలు వచ్చి ఉండక్కా" అని వీసా పంపాడు.

శుక్రవారం, జారిపోతున్న ప్యాంటు

అక్కడ సెలవు గురువారం, శుక్రవారం. గుడి, మసీదు, చర్చి అన్నీ శుక్రవారమే. విమానం దిగిన మర్నాడే తెలుగు ఫెలోషిప్ ప్రార్థనకి తీసుకెళ్లారు. అద్దె హాల్లో మన కీర్తనలు, మన కంజీర, పక్క సీట్లో తాడేపల్లిగూడెం ఆవిడ. బయట చూస్తే ఖర్జూరం చెట్లు. ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు తెలియలేదు.

ప్రార్థన అయ్యాక బజారులో నడుస్తున్నాం. మగవాళ్లు మెడ నుంచి మడమల దాకా తెల్లటి అంగీలు, ఆడవాళ్లు ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలు. అన్నీ వదులే, ఎక్కడా నడుం కనిపించదు. సరే, వాళ్ల ఆచారం అనుకున్నాను. ఇంతలో ఎదురుగా ఒక కుర్రాడు వస్తున్నాడు. ప్యాంటు నడుం మీద లేదు, తుంటి మీదా లేదు, అంతకంటే కిందకి దిగిపోయి ఉంది. లోపలి చెడ్డీ పట్టీ నాలుగు వేళ్లు బయటికి. చొక్కా మోకాళ్లదాకా. ప్యాంటు కాళ్లలో ఇంకో మనిషి దూరొచ్చు.

"సుధా! ఆ పిల్లాడి ప్యాంటు జారిపోతోందిరా, చెప్పు!" అని అరిచినంత పని చేశాను.

"ఊరుకో అక్కా! జారట్లేదు. అదంతే, ఫ్యాషను. హిప్ హాప్ అంటారు. అమెరికా నల్లవాళ్ల పాటలు, డాన్సులు, వాటితో వచ్చిన బట్టలు."

"చెడ్డీ చూపించుకోవడం ఫ్యాషనా? హవ్వ!"

"ఆ ప్యాంటు కుట్టింది నేనేనక్కా" అన్నాడు మావాడు, ఎటో చూస్తూ.

తమ్ముడికి మొదట కత్తెర పట్టడం నేర్పింది నేనే.

శనివారం, టోపీ మీద చీటీ

పొద్దున్నే షాపు పక్క హోటల్లో టిఫిను. సేమ్యా కావాలన్నాను. తెచ్చారు. పంచదార, యాలకులు, గులాబీ నీళ్లు వేసి వండిన తియ్యటి సేమ్యా, దాని మీద దుప్పటి కప్పినట్టు కోడిగుడ్డు ఆమ్లెట్టు! తీపి మీద గుడ్డేమిటి, మతి పోయింది. నాలుగువందల ఫిల్సు, అంటే మన నలభై అయిదు రూపాయల పైమాటే, పారేయలేక కళ్లు మూసుకుని తిన్నాను. చెప్పొద్దూ, బావుంది. మర్నాడు నేనే అడిగి తెప్పించుకున్నాను.

షాపులో గోడకి వేలాడుతున్న ప్యాంట్లు చూసి అదిరిపోయాను. ఆరు దినార్లు ఒక్కోటి. మన డబ్బులో ఏడొందలు. ఏడొందలిచ్చి సరిపోని ప్యాంటు కుట్టించుకుంటారా! మా ఊళ్లో సరిపోకపోతే వెనక్కి తెచ్చి మొహాన కొడతారు.

అప్పుడే యూసుఫ్ వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి, ఊచలాంటి మనిషి, హమద్ టౌన్‌లో ఇల్లు. నడుం ముప్పై, అని నా కన్ను చెప్పేసింది. చేతిలో ఒక సంచి. అది సుధాకర్‌కి ఇచ్చి అరబ్బీలో ఏదో చెప్పాడు, మావాడు చీటీ రాసి గుచ్చాడు. నా చూపంతా కుర్రాడి టోపీ మీదే. కొత్త టోపీ, ముందుకు పొడుచుకొచ్చిన అంచు మీద సైజు చీటీ గుండ్రంగా, బంగారు రంగులో అలాగే అంటుకుని ఉంది. పాపం, తీయడం మర్చిపోయాడు. నేను వెళ్లి, గోటితో ఆ చీటీ మొదలు పట్టి, నున్నగా పీకి చేతిలో పెట్టాను.

యూసుఫ్ చీటీ వంక చూశాడు, నా వంక చూశాడు. సుధాకర్ మొహం తెల్లబోయింది. ఆ చీటీ ఉంచుకోవడమే దర్జా అట. ఇది అసలుదీ, కొత్తదీ, నకిలీ కాదూ అని నలుగురికీ తెలియడానికట. నేను చెంపలేసుకున్నాను. ఆ పిల్లాడు మాత్రం ఒక్కమాట అనలేదు. "నో ప్రాబ్లం, టీచర్" అని నవ్వి, చీటీ జేబులో పెట్టుకుని వెళ్లాడు. అరబ్బీ, ఇంగ్లీషూ తప్ప ఇంకేమీ రాదు వాడికి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, హిందీ పరీక్షలు మాత్రం పాసయ్యాను.

అప్పుడైనా నాకు బుద్ధి రావద్దూ?

ఆదివారం, కత్తెర

మధ్యాహ్నం సుధాకర్ దారాలు కొనుక్కొస్తానని వెళ్లాడు. మిగతా పనివాళ్లు భోజనానికి పోయారు. నేనొక్కదాన్నే. ఊరికే కూర్చోలేక యూసుఫ్ సంచి విప్పాను. పాత ప్యాంటు. బూడిద నీలం రంగు, మందపాటి డ్రిల్లు గుడ్డ, మోకాళ్ల దగ్గర అరిగి తెల్లబడింది, వెనక కుట్టు జానెడు పిగిలింది. నడుం పట్టుకుని చూశాను. నలభై నాలుగు! ముప్పై నడుం పిల్లాడికి నలభై నాలుగు ప్యాంటు! చీటీ మీద రాసింది అరబ్బీ, నాకు రాదు. కాని రావలసిన అవసరం ఏముంది? ప్యాంటు చూస్తేనే తెలుస్తోంది కదా ఎందుకిచ్చాడో. ఎవరో దానం చేసిన పాత ప్యాంటు, సైజు చేయించుకోడానికి తెచ్చాడు. పైగా నిన్న టోపీ విషయంలో ఆ పిల్లాణ్ని కష్టపెట్టాను, ఇది చక్కగా చేసిచ్చి ఆ లెక్క సరి చేద్దాం అనుకున్నాను.

మామూలుగా నేను మిగులు గుడ్డ కోసెయ్యను, లోపలికి మడిచి ఉంచుతాను. కాని పద్నాలుగు అంగుళాలు ఎక్కడ దాస్తాం? పక్క కుట్లు విప్పాను, నడుం పట్టీ విప్పాను, సుద్దతో గీశాను, కోశాను. నాలుగు పెద్ద పేలికలొచ్చాయి. మూల ఉన్న చిత్తుగుడ్డల సంచిలో వేశాను. కాళ్లు కూడా సన్నం చేసి, పిగిలిన కుట్టు వేసి, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించాను. ఎంత ముచ్చటగా ఉందో! నా సర్వీసులో అంత శుభ్రమైన పని పదిసార్లు కూడా చేసి ఉండను.

సుధాకర్ సాయంత్రం వచ్చి చిత్తుగుడ్డల సంచి ఎవరికో ఎత్తి ఇచ్చాడు గాని హ్యాంగర్ల వైపు చూడలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు చూసి మెచ్చుకుంటాడులే అని.

సోమవారం, కార్ల్ చెప్పిన పాఠం

పదకొండు గంటలకి యూసుఫ్ వచ్చాడు. అప్పటికే షాపులో కార్ల్ అనే అమెరికా నావికుడు కూర్చుని ఉన్నాడు. జుఫైర్‌లో అమెరికా వాళ్ల నౌకాదళ స్థావరం ఉంది, అక్కడి మనిషి. ఆరడుగుల పైన, నల్లటి మనిషి, డ్యూటీలో లేనప్పుడు వేసుకునే లూజు బట్టలు మా షాపులోనే కుట్టిస్తాడు.

నేను హ్యాంగరు తీసి యూసుఫ్ చేతికిచ్చి, మెప్పు కోసం నిలబడ్డాను.

యూసుఫ్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నడుం రెండు చేతులా పట్టుకుని చూశాడు. తర్వాత స్టూలు మీద కూలబడిపోయాడు. అరవలేదు, తిట్టలేదు. ప్యాంటు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ ఏదో అన్నాడు.

సుధాకర్ తల పట్టుకున్నాడు. "అక్కా! ఏం చేశావక్కా! వెనక కుట్టు వెయ్యమని కదా చీటీ రాసింది!"

"ఏమంటున్నాడురా?"

"వాళ్ల నాన్నదట ఆ ప్యాంటు."

వాళ్ల నాన్న ఒక కార్ఖానాలో కూలి. వీడికి అయిదేళ్లప్పుడు పోయాడు. తల్లి ఆ ప్యాంటు పదిహేనేళ్లు పెట్టెలో దాచింది. ఈ గురువారం సఖీర్‌లో యూనివర్సిటీ దగ్గర కుర్రాళ్ల డాన్సు పోటీ ఉంది. యూసుఫూ ముగ్గురు స్నేహితులూ నలుగురూ వాళ్ల వాళ్ల తండ్రుల పని బట్టలు వేసుకుని ఆడాలని అనుకున్నారు. అడగ్గా అడగ్గా తల్లి ఇచ్చింది. వీడి డాన్సు ఎప్పుడూ చూడని తల్లి, ఆ ప్యాంటులో వీణ్ని చూడటానికి గురువారం వస్తానంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయ్యో ప్రభువా, చచ్చిపోయిన మనిషి గుడ్డని కోసి ముక్కలు చేశానా! నేనూ ఆ పక్కనే కూర్చున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చేశాను. ఏడుపులోనే నోరు ఊరుకోక, "అసలు ఎందుకయ్యా ఈ పెద్ద బట్టలు? ఒంటికి సరిపడా వేసుకుంటే ఏం పోయింది?" అన్నాను. సుధాకర్ దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ ఇబ్బంది పడ్డాడు.

సమాధానం కార్ల్ దగ్గర్నుంచి వచ్చింది. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా, మధ్యలో సుధాకర్ సాయం తీసుకుంటూ చెప్పాడు. ఈ పాటలూ డాన్సులూ న్యూయార్కులో పేదవాళ్ల పేటల్లో పుట్టాయి. నేల మీద దొర్లి ఆడాలి గనక మొదట్లో ఆటగాళ్ల బట్టలు వేసుకున్నారు. పెద్ద షాపులు తమని గుమ్మం దాటనివ్వకపోతే, అదే షాపు పేరు పెద్ద అక్షరాలతో గుండెల మీద వేయించుకుని తిరిగారు. కట్టుబడి కూలీలు వేసుకునే బూట్లు, ప్యాంట్లు తెచ్చుకున్నారు, గట్టివి, చవక, చలికి ఆగుతాయి. నడుం కిందకి జారడం జైల్లోంచి వచ్చిందంటారు, అక్కడ బెల్టులు తీసేసుకుంటారు కదా. "ఆ కథ అందరికీ ఇష్టం. నిజమో కాదో నాకు తెలియదు. నాకు తెలిసింది మా అమ్మ. అన్న బట్టలు నాకు వేసేది. కొత్తవి కొంటే రెండు సైజులు పెద్దవి కొనేది, ఎదుగుతావు కదా అని."

నేను ఏడుపు ఆపి కార్ల్ మొహంలోకి చూశాను. అది మేం చేసే పని కదా! జూన్‌లో స్కూలు యూనిఫారం కుట్టించేటప్పుడు "లూజుగా పెట్టండి టీచర్, వచ్చే ఏడాదికీ వస్తుంది" అనని తల్లి ఉందా మా ఊళ్లో? మోచేతుల దాకా వేలాడే చొక్కాలు నేనే ఎన్ని వందలు కుట్టాను! ఆ పిల్లలు సిగ్గుపడి చేతులు పైకి మడుచుకునేవాళ్లు. వీళ్లు మడుచుకోకుండా దాన్నే దర్జాగా మార్చుకున్నారు.

"ఇంకోటి కూడా ఉంది మేడం" అన్నాడు కార్ల్. "చిన్నచూపు చూసేవాళ్ల మధ్య నడిచేటప్పుడు పెద్ద బట్టల్లో మనిషి పెద్దగా కనిపిస్తాడు."

అప్పుడు గమనించాను. ఆ లూజు ప్యాంటు మీద కత్తిలాంటి ఇస్త్రీ మడత. తెల్లటి బూట్ల మీద మచ్చ లేదు, రోజూ చిన్న టూత్‌బ్రష్షుతో తోముతాడట. నేను ఒళ్లు తెలియని వాలకం అనుకున్నదాంట్లో నా ఇస్త్రీ కంటే ఎక్కువ శ్రద్ధ ఉంది.

కళ్లు తుడుచుకుని లేచాను. "ముక్కలు దొరికితే మళ్లీ కుడతాను. గురువారానికి ఇస్తాను. చెప్పరా వాడికి" అన్నాను. యూసుఫ్ తలెత్తాడు.

చిత్తుగుడ్డల సంచి కోసం చూస్తే మూల ఖాళీగా ఉంది.

మంగళవారం, క్యాంపు

సంచి రాజన్న అనే ఆయనకి ఇచ్చాడట సుధాకర్. ఏదో కట్టుబడి కంపెనీలో మిషన్లు తుడవడానికి వారానికోసారి పేలికలు పట్టుకెళతాడు. జగిత్యాల వైపు మనిషి. ఫోను చేస్తే డ్యూటీలో ఉన్నాడు, సాయంత్రం క్యాంపుకి రమ్మన్నాడు. యూసుఫ్ తన పాత కార్లో నన్నూ సుధాకర్‌నీ ఎక్కించుకున్నాడు. హమద్ టౌన్ దాటాక కూడా పోతూనే ఉన్నాం. దారిపొడుగునా మిషన్లు తుడవడానికి అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

క్యాంపు అంటే రేకుల గదుల వరస. అప్పుడే బస్సు దిగి వస్తున్నారు జనం. వాళ్లని చూసి నేను ఠక్కున ఆగిపోయాను. కంపెనీ ఇచ్చిన నీలం డ్రస్సులు, చేతులు మూడు మడతలు మడిచారు, కాళ్లు బూట్ల మీద కుప్ప పడ్డాయి, నడుం దగ్గర తాడు. బజారులో చూసిన కుర్రాడి వాలకమే! వాడు ఆరు దినార్లిచ్చి తెచ్చుకున్నది వీళ్ల మీద ఊరికే ఉంది, వీళ్లకి అక్కర్లేకుండా ఉంది.

రాజన్న నలభై దాటిన మనిషి, నెత్తికి తువ్వాల. మమ్మల్ని చూసి మంచం దులిపి కూర్చోబెట్టాడు.

"ఏందక్కా, గా పేలికల కోసం గింత దూరమొచ్చిన్రా?"

సుధాకర్ సంగతంతా చెప్పాడు. రాజన్న వింటూ వింటూ యూసుఫ్ వైపు చూశాడు.

"తండ్రిదా? అయ్యో పాపం. ఆగుండ్రి, మూట తెస్త."

మూట నేల మీద కుమ్మరించాం. నేను చేతులతో కెలుకుతున్నాను. ఒకటి దొరికింది, శుభ్రంగా ఉంది. రెండోది దొరికింది. మూడోదానికి అప్పటికే డీజిలు తుడిచేశారు, జానెడు నల్లమచ్చ. నాలుగోది లేదు. సంచి దులిపాం, మంచాల కింద చూశాం. యూసుఫ్ మోకాళ్ల మీద కూర్చుని ప్రతి పేలికా విప్పి చూస్తున్నాడు.

రాజన్న కాసేపు తటపటాయించాడు. తర్వాత కాలు ముందుకు చాపాడు. "గిదేనా అక్కా?" నీలం డ్రస్సు మోకాలి మీద బూడిద నీలం అతుకు. "గుడ్డ మందంగ గట్టిగ ఉండె. మోకాల్ల మీద కూసుండి పనిజేసుడు గదా, నిన్ననే కుట్టుకున్న."

ఇప్పుడు ఈ మనిషి మోకాలి గుడ్డ కూడా లాక్కోవాలా?

నేను నోరు తెరిచేలోగానే ఆయన బ్లేడు తీసి కుట్లు తెంపడం మొదలుపెట్టాడు. యూసుఫ్ "నో, నో" అంటూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏహె, ఊకో తమ్మీ. నాకు ఏ గుడ్డయినా గుడ్డనే. నీకట్ల గాదు" అన్నాడు రాజన్న. తెలుగు ఆ పిల్లాడికి అర్థం కాలేదు గాని చెయ్యి వదిలేశాడు.

నేను ఊరుకుంటానా! మూటలోంచి గట్టి జీను ముక్క ఒకటి ఏరి, రాజన్న సూదీ దారమే అడిగి తీసుకుని, ఆయన మోకాలికి రెండు మడతల అతుకు వేసి, చుట్టూ రెండు వరసలు కుట్టాను. ఇంకా నలుగురు వచ్చి "అక్కా, నాదీ" అని వరస కట్టారు. కుడుతుంటే వాళ్లు వంట చేశారు. అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు. యూసుఫ్ పచ్చిపులుసు కారానికి ఎగపోస్తూ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"వీళ్ల బట్టలు ఇంత పెద్దవేంటయ్యా?" అని అడిగాను.

"కంపెనోడు లారీల ఏసి పంపుతడు, దొరికింది తొడుక్కునుడే. మా దుబాయి బతుకే గింత లూజు అక్కా" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు.

"ఇది బహ్రెయిన్ కదా?"

"మాకన్నీ దుబాయే."

బుధవారం, కనిపించే కుట్టు

కోసిన గుడ్డని మళ్లీ కలపడం తేలిక కాదు. మామూలుగా కుడితే ఒక్కో అతుకు కింద అంగుళం గుడ్డ లోపలికి పోతుంది, నలభై నాలుగు కాస్తా నలభై అవుతుంది. అందుకని అంచుకి అంచు ఆనించి, అడుగున పట్టీ వేసి, పైనుంచి అటూ ఇటూ దట్టంగా కుట్టాలి. అలా కుడితే ప్రతి కుట్టూ బయటికి కనిపిస్తుంది. కుట్టు కనిపించకూడదు, కనిపిస్తే మార్కులు తీసేస్తాను అని ఇరవై తొమ్మిదేళ్లు చెప్పిన నోరు నాది. పొద్దున్న కూర్చుంటే మూడింటికి అయింది. వెనక కుట్టు కూడా గట్టిగా మళ్లీ వేశాను. డీజిలు మచ్చ మూడుసార్లు ఉతికినా పోలేదు.

యూసుఫ్ వచ్చి తన ప్యాంటు మీదే దాన్ని తొడుక్కున్నాడు. నడుం రెండు చేతులతో పట్టుకుని ముందుకి లాగి, లోపలి ఖాళీలోకి చూశాడు. ఇంకో మనిషి పడతాడు.

"ఇంత ఉండేవాడు మా నాన్న" అన్నాడు, సుధాకర్ తెలుగులోకి మార్చాడు. "భుజాల మీద ఎక్కించుకుంటే తలుపు పైన గోడ నా చేతికి అందేది. అంతే గుర్తుంది నాకు."

"అవును బాబూ, ఎంత భారీ మనిషో" అన్నాను. నలభై నాలుగుకి నలభై నాలుగు పెట్టిచ్చాను కదా అని నాకు కొంచెం ఊపిరాడింది.

"అమ్మకి తెలుస్తుందా, టీచర్? కోసినట్టు?"

"దూరంనుంచి తెలియదులే" అన్నాను. వాడు నమ్మినట్టే తల ఊపాడు.

సఖీర్

గురువారం సాయంత్రం నాలుగింటికి సఖీర్‌లో గాలి, ఇసుక, పెద్ద పెద్ద స్పీకర్లు. ఆడవాళ్ల కుర్చీలు ఒకవైపు. యూసుఫ్ నన్ను తీసుకెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టి, "షాపు టీచర్" అని పరిచయం చేసి పరుగెత్తాడు. ఆవిడకి యాభై లోపే ఉంటాయి, అబాయాలో చిన్నగా కూర్చుని ఉంది. నేను ఇండియా అని తెలిసి హిందీలో పలకరించింది! చిన్నప్పుడు వాళ్ల ఇల్లు ఇండియా గుడ్డల వర్తకుల వీధిలోనేనట, బేరాలాడి నేర్చుకుందట.

సంగీతం మొదలయ్యేసరికి కుర్చీ అదిరింది. నలుగురు కుర్రాళ్లూ నాలుగు పాత పని బట్టల్లో వచ్చారు. యూసుఫ్ నడుముకి తాడు కట్టుకున్నాడు. నేల మీద చెయ్యి ఆనించి కాళ్లు గాల్లోకి లేపి తిరిగాడు. తల మీద గిరగిరా తిరిగాడు, అమ్మ బాబోయ్, మెడ విరుగుతుందని కళ్లు మూసుకున్నాను. ఆ వదులు గుడ్డ వాడి చుట్టూ తిరిగి తిరిగి పరుచుకుంటుంటే, అదే సన్నంగా ఉంటే ఈ పిల్లాడు ఇంత మైదానాన్ని నింపగలిగేవాడా అనిపించింది. పక్కన తల్లి రెండు చేతులూ ఒళ్లో బిగించి కూర్చుంది. వాళ్లకి బహుమతి రాలేదు. ఎవరికి వచ్చిందో నాకు గుర్తు కూడా లేదు.

ఆట అయ్యాక యూసుఫ్ రొప్పుతూ వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఆవిడ ప్యాంటు పాదాల దగ్గరి మడత తాకింది. తర్వాత పక్క కుట్టు మీద బొటనవేలు పెట్టి కింది నుంచి నడుం దాకా పాకించింది. డీజిలు మచ్చ దగ్గర ఆగింది. నా వైపు తిరిగి హిందీలో అంది:

"కింది మడత నాది. ఈ కుట్టు నాది కాదు."

యూసుఫ్ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు, వాడికి హిందీ ముక్క రాదు. ఇంక దాచలేకపోయాను.

"నేనే కోశానమ్మా. మీ అబ్బాయికి సైజు చేద్దామని, అడక్కుండా కోసేశాను. మళ్లీ కలిపాను. క్షమించండి."

"ఎంతకి కోశావు?"

"ముప్పైకి."

ఆవిడ ఉలిక్కిపడింది. ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లు.

"ముప్పయ్యే ఆయన నడుము" అంది. "వీడిలాగే సన్నం. కార్ఖానాలో బట్టలు పంచిన రోజు మిగిలింది ఆ ఒక్క సైజే. సరిచేసిస్తానని ఎన్నిసార్లు అడిగానో! కింద మడత వెయ్యనిచ్చాడు గాని నడుం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇందులో అయితే నలుగురిలో మనిషిలా కనబడతాను, ఉండనియ్యి అనేవాడు."

ఇరవై తొమ్మిదేళ్ల టేపు నాది. చచ్చిపోయిన మనిషి కొలత నా కత్తెరే సరిగ్గా తీసింది, నా నోరు మాత్రం ఆ బిడ్డతో భారీ మనిషి అని చెప్పింది.

"అమ్మ ఏమంటోంది, టీచర్?" ఇంగ్లీషులో అడిగిన యూసుఫ్ గొంతులో భయం. రెండు చేతులతో ఆ నడుం పట్టుకునే ఉన్నాడు.

ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కొడుకు వైపు చూస్తూనే, నాకు మాత్రమే అర్థమయ్యేలా హిందీలో, "వాడికి చెప్పకు" అంది. "వాడి తండ్రి వాడికి అంత మనిషిగానే ఉండనీ."

నేను యూసుఫ్ వైపు తిరిగాను.

"కుట్టు గట్టిగా ఉందంటోంది బాబూ" అన్నాను.